తవుడయ్య లేచి నిలబడు ఉద్యమం

…కాదే బుల్లీ, అంత తొందరగా రాసెయ్యకు. బోర్డు సంగతి ముందు రాస్తే ఎవరికీ అర్థం కాదు. తవుడయ్య కుర్చీ సంగతి ముందు రాయి. నేను ఆగినప్పుడల్లా నువ్వూ ఆగు. ఆ, రాయి.

తవుడయ్యకు ఎడమ వైపు పక్షవాతం వచ్చి తగ్గింది. మాట తిరిగి వచ్చింది, చెయ్యి తిరిగి వచ్చింది, కాలు మాత్రం సగమే వచ్చింది. నడుస్తాడు. కుర్చీలోంచి లేస్తాడు. నేల మీద కూర్చుంటే మాత్రం లేవలేడు. ఇద్దరు మనుషులు చంకల్లో చేతులు పెట్టి వడ్ల బస్తా ఎత్తినట్టు ఎత్తాలి. అందుకని ఇంట్లోవాళ్ళు ఆయనకొక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిపెట్టి, ఇక నేల జోలికి వెళ్ళొద్దన్నారు.

కుర్చీ వల్ల తవుడయ్యకు వచ్చిన నష్టం ఒక్కటే, పులి-మేక ఆట. వసారా గచ్చు మీద సుద్దతో గీతలు గీసి ఉంటాయి. కుర్చీలోంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి గానీ చెయ్యి అందదు. "నా పులిని ఆ మూలకి జరుపు" అని నోటితో చెప్పాలి. ఎదుటివాడు జరుపుతాడు. పులిని జరుపుతూ మోచేత్తో ఒక మేకను కూడా జరిపేస్తాడు. ముప్పై ఏళ్ళు పులులు ఆడి ఓటమి తెలియని మనిషి వరసగా నలభై ఆటలు ఓడాడు. ఎదుటివాడి పేరు ఇక్కడ అక్కర్లేదు, వదిలెయ్యి.

తవుడయ్య పట్నం ఆస్పత్రికి వెళ్ళి డాక్టరు ముందు నిలబడ్డాడు.

"నాకు నేల కావాల బాబూ."

"నేలంటే? పొలమా?" అన్నాడు డాక్టరు.

"పొలం కాదు బాబూ. కూకునీ నేల. కూకున్నాక లెగాల."

డాక్టరు చాలాసేపు ఆలోచించి, విశ్వవిద్యాలయంలో ఇలాంటి వాటి మీదే చదివే అమ్మాయి ఒకతె ఉందని చీటీ రాసిచ్చాడు.

ఆ అమ్మాయి పేరు హైమావతి. దెబ్బ తిన్న కాళ్ళకీ చేతులకీ కదలిక నేర్పే చదువు చదివి, దాని మీద పెద్ద డాక్టరేటు కోసం ఐదేళ్ళుగా అక్కడే ఉంది. తవుడయ్య చెప్పింది విని కుర్చీలో ముందుకు జరిగింది.

"తాతా, మా పుస్తకాల్లో మనిషి కుర్చీలోంచి ఎలా లేస్తాడో మూడు వందల పేజీలు ఉన్నాయి. నేల మీంచి ఎలా లేస్తాడో మూడు పేజీలు కూడా లేవు. రాసినవాళ్ళకి నేల మీద కూర్చునే అలవాటు లేదు. నేను రాస్తున్నాను. ముప్పై మంది కావాలి. ఇరవై తొమ్మిది మంది అయ్యారు."

"నాను ముప్పయ్యో వోణ్ణి."

"నువ్వు లేస్తే నా పుస్తకం లేస్తుంది తాతా."

అప్పటినుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం తవుడయ్య పెళ్ళాం సత్తెమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కేవాడు. అక్కడ నీలం చాప పరిచి, మోకాళ్ళకీ తుంటికీ మెరిసే చుక్కలు అంటించి, నాలుగు మూలల కెమెరాలు పెట్టేవారు. సత్తెమ్మ చూసి నోరు నొక్కుకుంది.

"ఓలమ్మ! పెళ్ళినాడు కూడా నీకిన్ని సుక్కలు ఎట్టనేదు."

లేవడానికి నాలుగు మెట్లని హైమ చెప్పింది. పక్కకి తిరిగి చెయ్యి ఆనించడం ఒకటి. రెండు మోకాళ్ళ మీదకి రావడం రెండు. ఒక పాదం ముందుకు వెయ్యడం మూడు. ఇక లేవడం నాలుగు. నాలుగో మెట్టులో గోడ ముట్టుకోకూడదు, ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. వినాయక చవితికి తవుడయ్య రెండో మెట్టు దాటాడు. దీపావళికి మూడోది దాటాడు. నాలుగో దాని దగ్గర ఆగాడు. పాదం ముందుకు వేసి, ఒంటి మోకాలి మీద, ఎవరికో దణ్ణం పెట్టబోతున్నవాడిలా అలా ఉండిపోయేవాడు.

ఆ నెలలోనే విశ్వవిద్యాలయానికి తెలుగు మీద ప్రేమ పుట్టింది.

ముప్పై రోజుల్లో బోర్డులు, ఫైళ్ళు, పరిశోధనల పేర్లు అన్నీ తెలుగులోకి మారాలని ఉత్తర్వు వచ్చింది. రిజిస్ట్రారు విశ్వంభరం గారే అధ్యక్షుడుగా అనువాద సంఘం కూర్చుంది. సంఘానికి ఒక నిఘంటువు, ఒక నియమం ఉన్నాయి. నిఘంటువులో మొదటి అర్థమే తీసుకోవాలి, రెండో అర్థం తీసుకుంటే చర్చ జరుగుతుంది. చర్చ జరిగితే ముప్పై రోజులు దాటిపోతాయి.

హైమ వాళ్ళ విభాగం పేరులో మూవ్‌మెంట్ అనే ఇంగ్లీషు మాట ఉంది. దానికి కదలిక అనీ అర్థమే, ఉద్యమం అనీ అర్థమే. వాళ్ళ నిఘంటువులో ఉద్యమం ముందుంది. రిహాబిలిటేషన్ అంటే ఒళ్ళు తిరిగి బాగుచెయ్యడం, నిఘంటువులో మాత్రం దానికి ఎదురుగా ఊరు పోయినవాళ్ళకిచ్చే పునరావాసం ఉంది. మంగళవారం తవుడయ్య వచ్చేసరికి గుమ్మం మీద కొత్త బోర్డు వేలాడుతోంది. ఆయన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"పునరావాస, మానవ ఉద్యమ శాస్త్ర విభాగం."

చదివి లోపలికి వచ్చాడు.

"అమ్మా, మనం దేని మీద ఉద్దిమం సేత్తన్నాం?"

"లేవడం మీద తాతా. చాప మీదకి రా."

హైమ పుస్తకం పేరు కూడా మారి వచ్చింది. ఎడమ వైపు పక్షవాతం వచ్చినవాళ్ళు నేల మీంచి లేచేటప్పుడు ఒళ్ళు ఎలా కదులుతుంది, బయటి ఆసరా ఎంత కావాలి అన్నది ఆవిడ పెట్టుకున్న పేరు. ఎడమకు వామ అని, కదలికకు ఉద్యమం అని, ఆసరాకు మద్దతు అని సంఘం గౌరవప్రదమైన మాటలు వేసింది. టైపు చేసినాయన పక్షవాతంలో 'త' బదులు 'ద' కొట్టాడు. చివరికి అట్ట మీద ఇలా తేలింది: "వామపక్షవాద పీడితుల లేచి నిలబడు ఉద్యమం: బాహ్య శక్తుల మద్దతు, ఒక పరిశీలన."

హైమ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. మూడో మెట్టు మీదున్న తవుడయ్య కూడా అలాగే ఉండి చూశాడు. లేవలేడు కనక.

ఆ శుక్రవారానికి పునరావాసం జనం వచ్చారు.

కొండ అవతల జలాశయం కింద ఒక ఊరు మునిగి పదకొండేళ్ళయింది. ఆ ఊరివాళ్ళు పునరావాసం అనే మాట ఎక్కడ రాసి ఉంటే అక్కడికి వెళ్ళి నిలబడుతున్నారు. పద్దెనిమిది కుటుంబాల తరఫున దాలమ్మ అనే ఆవిడ కాగితాల సంచీ చంకన పెట్టుకుని బోర్డు కింద నిలబడింది. ఇంత స్పష్టంగా, ఇంత పెద్ద అక్షరాలతో ఆవిడ ఆ మాటను ఎక్కడా చూడలేదు.

హైమ రిజిస్ట్రారు గారిని పిలిపించింది. విశ్వంభరం గారు వచ్చి బోర్డు చూశారు, జనాన్ని చూశారు, మళ్ళీ బోర్డు చూశారు.

"వీరిది ఈ విభాగం కాదని చెప్పండి సార్," అంది హైమ.

"ఎలా చెప్పగలమమ్మా? వీరు పొరబడ్డారంటే బోర్డు పొరబడినట్టు. బోర్డు పొరబడిందంటే సంఘం పొరబడినట్టు. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. నేను పొరబడినట్టు ఇంతవరకు ఏ ఫైలులోనూ లేదు."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "పై విషయమై తెలియజేయడమేమనగా, నిర్వాసిత కుటుంబాలకు, కుటుంబం ఒక్కింటికి ఒక చాప చొప్పున, సదరు విభాగమునందు పునరావాసం కల్పించడమైనది. చాపలకు క్రమసంఖ్య వేయవలెను."

దాలమ్మకు పద్దెనిమిదో నంబరు చాప వచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాబూ, దీని మీద ఇల్లు ఎలా కట్టమంతారు?"

"అది రెండవ దశ," అన్నారు విశ్వంభరం గారు.

హైమ ఏం చేస్తుంది? వచ్చినవాళ్ళను ఊరికే కూర్చోబెట్టలేక మోకాళ్ళు పట్టి చూసింది. పదకొండేళ్ళు ఆఫీసుల వరసల్లో నిలబడ్డ మోకాళ్ళు, ఒక్కటీ సరిగా లేదు. సరే, అందరికీ నాలుగు మెట్లూ నేర్పడం మొదలుపెట్టింది. వాళ్ళు బేగి నేర్చుకున్నారు. నేర్చుకున్నాక తవుడయ్య చుట్టూ చాపలు పరుచుకుని కూర్చుని, ఆయన మూడో మెట్టుకు రాగానే ఒక్క గొంతుతో అరిచేవారు.

"లెగు! లెగు! లెగాల! లెగాల!"

ఆ అరుపులు కిటికీలోంచి రోడ్డు దాకా వెళ్ళాయి. రోడ్డు మీంచి పోలీసు స్టేషను దాకా వెళ్ళాయి.

ఒక మంగళవారం కానిస్టేబుల్ ఎర్రునాయుడు వచ్చాడు. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళ నుంచీ ఉన్నాడు, మంచి పొట్ట ఉంది, చేతిలో నోటుబుక్కు ఉంది. గుమ్మం మీది బోర్డు రాసుకున్నాడు. బల్ల మీది హైమ పుస్తకం పేరు రాసుకున్నాడు. రాసుకుంటూ ఒకసారి ఆగి చెమట తుడుచుకున్నాడు. తరవాత కుర్చీలు లేక ఖాళీ చాప మీద కూర్చున్నాడు.

"మీ నాయకుడెవుడు?"

దాలమ్మ తవుడయ్యను చూపించింది. తవుడయ్య తన మోకాలిని చూపించాడు.

"అంతా దీని సేతుల్లోనే ఉంది బాబూ. ఇది సరేనంటే అయిపోద్ది."

"ఉద్దిమం ఎప్పుడు లేత్తాది?"

"శుక్రారానికి లెగుత్తాదనుకుంతన్నాం."

ఎర్రునాయుడు "శుక్రవారం లేచును" అని రాసుకున్నాడు. రాసుకుని తను లేవబోయాడు. లేవలేకపోయాడు. పక్కకి తిరిగాడు, చెయ్యి ఆనించాడు, అక్కడే ఆగిపోయాడు. అలా పావుగంట ఉన్నాడు. చివరికి హైమ వచ్చి మోకాళ్ళు చూసి, రోజూ రావాలని చెప్పింది.

"రోజూ రమ్మనీ డ్యూటీ ఏసినారమ్మా నాకు," అన్నాడు ఎర్రునాయుడు. ఆ రోజు మొదటి మెట్టు నేర్చుకున్నాడు.

శుక్రవారం రెండు వ్యాన్ల నిండా పోలీసులు దిగారు. కిటికీల బయట టోపీలు వరసగా నిలబడ్డాయి. అన్ని టోపీలు చూస్తుంటే తవుడయ్య కాలు మూడో మెట్టు దాకా కూడా రాలేదు. పోలీసులు సాయంత్రం దాకా చూసి, ఉద్యమం లేవలేదని రాసుకుని వెళ్ళిపోయారు. తవుడయ్యకు చాలా సిగ్గేసింది.

బస్సులో సత్తెమ్మ ఊరడించింది. "పోన్లెద్దూ. నిన్ను సూడ్డానికి ఇంతమంది ఎప్పుడొచ్చినారు? మన పెళ్ళికీ రానేదు."

ఆ మరుసటి వారం హైమ పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి పురోగతి పరిశీలక సంఘం వచ్చింది. ఉద్యమం కనక సంఘంలో ఒంటి సంగతి తెలిసినవాళ్ళను ఎవరినీ వెయ్యలేదు. చరిత్ర చెప్పే ఆచార్య పరంజ్యోతి గారు అధ్యక్షులు. ఆయన పుస్తకం తిరగేశారు.

"అమ్మా, మోకాలి సంయుక్త కార్యాచరణ అని రాశారు. ఈ సంయుక్త కార్యాచరణ సమితిలో ఎన్ని సంఘాలున్నాయి?"

"సంఘాలు కావు సార్, ఎముకలు. జాయింట్ అంటే ఇక్కడ కీలు సార్. అనువాదంలో అలా…"

"సరే. ఐదేళ్ళలో ఎన్ని ధర్నాలు? ఎన్ని రాస్తారోకోలు?"

"ఒక్కటీ లేదు సార్."

పరంజ్యోతి గారు కళ్ళజోడు తీశారు. "ముప్పై మంది కార్యకర్తలు. పద్దెనిమిది నిర్వాసిత కుటుంబాలు. శాశ్వత పోలీసు పర్యవేక్షణ. ఇన్ని వనరులు పెట్టుకుని ఐదేళ్ళలో ఒక్క బందు కూడా సాధించలేని ఉద్యమం మా పరిశోధనానుభవంలో ఇదే ప్రథమం. ఇది ఉద్యమం పట్ల నిర్లక్ష్యంగా భావించవలసి వస్తున్నది."

చాప మీదున్న తవుడయ్య ఉండబట్టలేకపోయాడు. "బాబూ, మా యమ్మది నిర్లచ్చం కాదు. ఆలీసం నాదే. ఒక్క మెట్టే ఉన్నాది."

పరంజ్యోతి గారు ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. ఉత్తర్వులో అది ఇలా వచ్చింది: "ఉద్యమం ఆఖరి దశలో ఉన్నట్టు నాయకుడు అంగీకరించినందున, పదిహేను రోజుల గడువు ఇవ్వడమైనది. ఆలోగా ఉద్యమం లేవనిచో నమోదు రద్దు, విభాగం మూసివేత."

ఆ కాగితం పట్టుకుని హైమ ఏడుపు ఆపుకుంది. తవుడయ్యకు ఆ అమ్మాయిని చూస్తే జాలేసింది, తనను తలుచుకుంటే భయమేసింది. విభాగం మూస్తే ఆవిడకు చదువు పోతుంది. ఆయనకు మూడు మెట్లు మిగిలి, ఎర్ర కుర్చీ మిగిలి, నలభై ఒకటో ఆట కూడా పోతుంది.

ఇద్దరూ కలిసి రిజిస్ట్రారు గదికి వెళ్ళారు. విశ్వంభరం గారు వాళ్ళను కూర్చోమన్నారు.

"సార్, ఒక్క మాట మారిస్తే చాలు. ఉద్యమం తీసేసి చలనం అని పెట్టండి," అంది హైమ.

విశ్వంభరం గారు తల అడ్డంగా ఊపారు. "చలనం వీలుపడదమ్మా. మా కార్యాలయంలో ఆ మాట ఫైళ్ళకు మాత్రమే వాడతాం. అదీ 'లేదు' అనే మాటతో కలిపే వాడతాం. విడిగా వాడిన పూర్వోదాహరణ లేదు."

తవుడయ్య మెల్లగా అడిగాడు. "బాబూ, కదలిక అంతే సరిపోదేటి?"

విశ్వంభరం గారు ఆ మాటను పెదాల మీద రెండుసార్లు అనుకుని చూసుకున్నారు.

"కదలిక… చూడండి పెద్దాయనా, ఆ మాటతో ఒక చిక్కుంది."

"ఏటి బాబూ?"

"అందరికీ అర్థమవుతుంది. అందరికీ అర్థమయ్యేదాన్ని శాస్త్రమని ఎవరొప్పుకుంటారు?"

పదిహేనో రోజు వచ్చింది. ఆఖరి పరీక్ష. మామూలుగా అయితే పుస్తకం రాసినవాళ్ళు పెద్దల ముందు నిలబడి జవాబులు చెబుతారు. ఇది ఉద్యమం కనక ఉద్యమ స్థలంలోనే జరపాలని తీర్మానించారు. నీలం చాపకు ఒక పక్క పరంజ్యోతి గారి సంఘం, ఒక పక్క విశ్వంభరం గారు, ఒక పక్క దాలమ్మ వాళ్ళ పద్దెనిమిది చాపలు. నాలుగో పక్క, బందోబస్తుకు, ఎర్రునాయుడు.

తవుడయ్య కూర్చున్నాడు. సత్తెమ్మ పమిట కొంగు నోట్లో పెట్టుకుంది. హైమ ఒక్కటే చెప్పింది. "తాతా, వీళ్ళెవరూ లేరనుకో. గచ్చు మీద గీతలున్నాయనుకో."

తవుడయ్య పక్కకి తిరిగి చెయ్యి ఆనించాడు. మోకాళ్ళ మీదకి వచ్చాడు. కుడి పాదం ముందుకు వేశాడు. జనం అరవడం మరిచిపోయారు. తవుడయ్య పళ్ళు బిగించి లేచాడు. సగం లేచాడు. ముప్పాతిక లేచాడు. అక్కడ ఎడమ కాలు వణికి మనిషి పక్కకి ఒరిగాడు.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎర్రునాయుడు ఆలోచించకుండా చేసిన పని అదొక్కటే. చెయ్యి చాపాడు. తవుడయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

దాలమ్మ వాళ్ళు చప్పట్లు కొట్టారు. తవుడయ్య మాత్రం హైమ వంక చూడలేకపోయాడు. చెయ్యి పట్టుకున్నాడు కదా. నాలుగో మెట్టు దాటినట్టు కాదు. ఆవిడ కాగితం మీద "ఆసరాతో" అని నిజమే రాసుకుంది. రాసి, పెన్ను మూత పెట్టింది.

పరంజ్యోతి గారు మాత్రం లేచి నిలబడిపోయారు.

"అద్భుతం! బాహ్య శక్తుల మద్దతు! సాక్షాత్తూ పోలీసు శాఖే మద్దతిచ్చిన ఉద్యమం! ప్రపంచ చరిత్రలో ఇటువంటి ఘట్టం అరుదు. ప్రతిపాదన నిరూపితం. డాక్టరేటు ప్రదానం చేయవలసిందిగా ఏకగ్రీవంగా సిఫారసు చేయడమైనది!"

అలా హైమ డాక్టరు అయింది. మర్నాడే ఇంకో ఉత్తర్వు వచ్చింది. "ఉద్యమం విజయవంతమైనందున విరమింపజేయడమైనది. విజయవంతమైన ఉద్యమానికి విభాగం అనవసరం కనుక సదరు విభాగం మూసివేయడమైనది."

ఎర్రునాయుడికి మెమో వచ్చింది. విధి నిర్వహణలో ఉండి ఉద్యమానికి చేయూతనిచ్చినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. "ఒక్క చెయ్యే ఇచ్చితిని" అని రాసిచ్చాడు. నేల మీద కూర్చుని రాసి, తనంతట తనే లేచి వెళ్ళి ఇచ్చి వచ్చాడట.

దాలమ్మ వాళ్ళను చాపలు అందుకున్నందుకు పునరావాసం పొందినవారి జాబితాలో ఎక్కించారు. ఆవిడ పద్దెనిమిదో నంబరు చాప చుట్టి చంకన పెట్టుకుంది.

"మొదటి దస అయిపోనాదంత. రెండోదెక్కడిస్తారో అడగడానికి ఎల్తన్నాం. మోకాళ్ళు బాగుపడ్డాయి గదా, ఇంకో పదకొండేళ్ళు తిరగ్గలం," అని చెప్పి బస్సెక్కింది.

హైమ పట్టాలో ఉద్యమ శాస్త్రం అని ఉంది కనక పట్నంలో ఏ ఆస్పత్రీ చేర్చుకోలేదు. రెండు చోట్ల ఆవిడ వచ్చేసరికి గేటు కూడా వేశారు. చివరికి మన్యంలో ఒక చిన్న ఆస్పత్రివాళ్ళు పట్టా అడగకుండా, ఏం చెయ్యగలవమ్మా అని అడిగి పనిచ్చారు. వెళ్ళే ముందు తవుడయ్య ఇంటికి వచ్చి, వసారాలో నీలం చాప పరిచి పెట్టి వెళ్ళింది. "ఒక్క మెట్టే తాతా" అని మాత్రం అంది.

ఎక్కడిదాకా వచ్చాం? ఆ, చాప.

తవుడయ్య రోజూ పొద్దున్నే, పాలు పితికే వేళకి, ఆ చాప మీద దిగేవాడు. పడ్డాడు. మళ్ళీ దిగాడు. సత్తెమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, "లెగాల, లెగాల" అని నెమ్మదిగా అనేది. నాలుగు నెలలు పట్టింది.

నిన్న పొద్దున్న తవుడయ్య తన వసారాలోకి వచ్చి ఎర్ర కుర్చీని కాలితో పక్కకి తోశాడు. గచ్చు మీద గీతల ముందు కూర్చున్నాడు. తన పులులను తన చేత్తో జరుపుకున్నాడు. ఎదుటివాడు ఒకసారి మోచెయ్యి ఆడించబోతే మణికట్టు పట్టుకుని, "ఇక్కడే ఉన్నాను రా," అన్నాడు. తొమ్మిది మేకలు తిన్నాడు. ఆట అయ్యాక గట్టిగా నవ్వాడు. తరవాత పక్కకి తిరిగాడు, మోకాళ్ళ మీదకి వచ్చాడు, పాదం ముందుకు వేశాడు…

ఎదుటివాడి పేరు రాయాలంటావా? సరే, రాయి. గవిరినాయుడు. మీ తాతే, అంటే నేనే.

మన్యంలో ఆవిడకు ఆదివారం కొండ మీదకి ఎక్కితేనే ఫోను అందుతుందట. ఆ వేళకి చేసి, ఇదంతా డాక్టరు హైమావతమ్మకి చదివి వినిపించు. మెల్లగా చదువు, నేను చెప్పినట్టు. బోర్డు సంగతి ఆవిడకు తెలిసిందే, అక్కడ కాస్త తొందరగా పోయినా పర్వాలేదు. ఆవిడ మొదట అడిగేది ఒక్కటే, ఎవరి చెయ్యైనా పట్టుకున్నాడా అని. నేను చెయ్యి చాపాను. ఆయన పట్టుకోలేదు. ఆ ముక్క రెండుసార్లు చదువు.